నీడలోనూ వడదెబ్బ

ఎండలో తిరిగితేనే వడదెబ్బ తగులుతుందని చాలామంది అనుకుంటారు. కానీ గదిలో కూర్చున్నవారికీ తగలవచ్చు. బడిపిల్లల విషయంలో ఇది మరచిపోకూడదు.

కొన్ని ఊళ్లలో బడి గదులకు రేకుల కప్పు ఉంటుంది. ఎండకు రేకు కాగి, సెగ కిందికి దిగుతుంది. రేడియోలో చెప్పే వేడి బయట నీడలో కొలిచింది. రేకుల గదిలో అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు.

మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. అది పెరగకుండా చెమట కాపాడుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. చెమట పట్టాలంటే ఒంట్లో నీళ్లుండాలి. ఆరాలంటే గాలి ఆడాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. అందుకే అక్కడ చెమట తొందరగా ఆరదు.

"మనకు ఎండలు అలవాటే, ఏమవుతుందిలే" అంటారు. అలవాటు మాట నిజమే. ఒకటి రెండు వారాలు గడిస్తే ఒళ్లు కొంత తట్టుకుంటుంది. కానీ దానికీ హద్దుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లూ ఎండ ఎరిగినవాళ్లే.

వేడి గదిలో పిల్లవాడు కునికితే బద్ధకమని కోప్పడకూడదు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఉన్నాయేమో చూడాలి. ఉంటే గాలి ఆడే నీడకు తీసుకుపోవాలి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసరాలి. తెలివి ఉంటే ఉప్పు చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాలి. లీటరు మంచినీళ్లకు 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలు. మాట తడబడినా, తెలివి తప్పినా నోట్లో ఏమీ పోయకూడదు. ఒళ్లు తడుపుతూనే 108కి ఫోన్ చేయాలి.

కేరళలో 2019లో కొన్ని బడులు నీళ్ల గంట మొదలుపెట్టాయి. ఆ గంట కొడితే పిల్లలంతా నీళ్లు తాగాలి. ఇది ఏ ఊళ్లోనైనా చేయవచ్చు. రేకుల మీద తెల్లసున్నం వేస్తే గదిలో వేడి తగ్గుతుంది. మరుగుదొడ్డి కూడా ఉండాలి. అది లేకపోతే ఆడపిల్లలు దాహాన్ని ఓర్చుకుంటారు గానీ నీళ్లు తాగరు. ఇవన్నీ తల్లిదండ్రులు కలిసి వెళ్లి అడగాలి.

ఆలోచించండి
1. మీ ఊరి బడికి ఏ కప్పు ఉంది? కిటికీలు తెరుస్తున్నారా?
2. మీ పిల్లలు బడిలో రోజుకు ఎన్నిసార్లు నీళ్లు తాగుతున్నారు? ఈరోజే అడగండి.