జనుము చేలలో పగటి శలభము: గుర్తించు విధము

శలభములనగానే రాత్రివేళ దీపము చుట్టు తిరుగు బూడిదరంగు రెక్కలపురుగులే మనకు స్ఫురించును. కాని పట్టపగలు రంగురంగుల రెక్కలతో తిరుగు శలభములును కలవు. జనుము చేలలో కనబడు శలభము అట్టిది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ పరిసరములవలె, ఒక వంక బొగ్గుగనులు, ఒక వంక వరిపొలములు గల గ్రామములలో పచ్చిరొట్టకై జనుము చల్లు రైతులు దీనిని గుర్తెరుగుట అవసరము. గుర్తింపక మందు చల్లినచో, పురుగు వలనకంటె మందు వలననే ఎక్కువ నష్టము కలుగవచ్చును.

మొదట దీనిని సీతాకోకచిలుకతో పోల్చి చూడవలెను. సీతాకోకచిలుక మీసముల కొనలు గుండుసూది తలవలె ఉబ్బియుండును. ఈ శలభము మీసములు దారమువలె సన్నగా నుండును. సీతాకోకచిలుక వాలినప్పుడు సాధారణముగా రెక్కలను వీపుపై నిలువుగా చేర్చును. ఇది రెక్కలను ఒంటికి చుట్టుకొని పొగాకు చుట్టవలె కనబడును.

పిదప రంగులను గమనింపవలెను. ముందు రెక్కలు మీగడ తెలుపు; వానిపై ఎఱ్ఱని మచ్చలు, ఆ మచ్చల నడుమ నల్లని చుక్కలు ఉండును. వెనుక రెక్కలు తెల్లనివి. వాని అంచున వంకరటింకర నల్లపట్టీ కలదు. చాచిన రెక్కల వెడల్పు సుమారు 3 నుండి 4 సెంటీమీటర్లు. మొక్కలను కదిపినచో లేచి, కొద్దిదూర మెగిరి, మరల గడ్డిలో వాలును. 1758లో లినీయస్ వర్ణించిన ఈ శలభమును శాస్త్రజ్ఞులు యుటెథీసా పల్కెల్లా అందురు. జనుముపైననే నారింజరంగు రెక్కలు, తెల్లని అంచుగల నల్లచుక్కలు కలిగిన మరియొక శలభము కనబడినచో అది వేరుజాతి యని తెలియవలెను.

దీని గొంగళిపురుగు జనుము, గిలిగిచ్చ మొక్కల ఆకులను తినును. కాయలను తొలిచి గింజలను తినును. ఆ మొక్కలలోని విషపదార్థము పురుగు ఒంట చేరి, రెక్కలు వచ్చిన పిదపను నిలిచియుండును. ఆ మెరయు రంగులు పక్షులకు హెచ్చరిక. అమెరికాలో దీని సోదరజాతిని పరిశోధించిన థామస్ ఐస్నర్, సాలెపురుగు తన గూటిలో చిక్కిన శలభమును దారములు త్రెంచి విడిచిపెట్టుటను గమనించెను. ఆ విషము మొక్కదే గనుక, గింజపట్టిన జనుమును పశువులకు మేపకుండుట మేలు.

ఇక పంచాయతీ సభ్యులు రైతులకు తెలుపవలసిన దేమనగా, పచ్చిరొట్ట జనుమును పూతదశలోనే కలియదున్నుదురు. కాయలు పట్టకమునుపే పైరు నేలలో కలియును గనుక, ఈ పురుగును చూచి మందుకై వ్యయము చేయనక్కరలేదు. విత్తనమునకై నిలిపిన చేనిలో మాత్రము జాగ్రత్త వహింపవలెను. అచ్చటను పూతవేళ మందు చల్లరాదు. జనుము పూలలో పరాగసంపర్కము జరుపునవి తుమ్మెదలు, తేనెటీగలు. అవి నశించినచో కాయ సరిగా కట్టదు. గొంగళిపురుగులు కొలదిగా నున్నచో ఏరివేయించుడు. హెచ్చుగా నున్నచో ఒకదానిని సీసాలో ఉంచి, వ్యవసాయ విస్తరణాధికారికి చూపి, సలహా పొందిన పిమ్మటనే మందు కొనవలెనని మేము కోరుచున్నాము.