లూధియానా జిల్లా: చరిత్ర, జనాభా

చలికాలము రాగానే మన పట్టణాలలో రోడ్డు ప్రక్కన టిబెటన్లు వరుసగా దుకాణాలు పెట్టి స్వెట్టర్లు అమ్ముట అందరూ చూచినదే. ఆ ఉన్ని బట్టలు హిమాలయాల నుండి దిగివచ్చినవని కొనువారిలో చాలామంది నమ్ముతారు. నిజమునకు వాటిలో అధికభాగము పంజాబులోని లూధియానాలో తయారైనవి. మన ఉర్దూ శాఖ విద్యార్థులకు ఈ ఊరి పేరు వేరొక విధముగా పరిచితము. అబ్దుల్ హయీ అను కవి తన ఊరి పేరును తన పేరులో కలుపుకొని సాహిర్ లూధియాన్వీ అయినాడు. తెలుగు శాఖ వారికి స్వెట్టరు, ఉర్దూ శాఖ వారికి కవి. ఊరు మాత్రము ఒక్కటే. అందువలన ఈ సంచికలో లూధియానాను గురించి వ్రాయదలచినాము. మేము తెలుగు బోధించువారము, చరిత్ర మా శాస్త్రము కాదు. కాని జనాభా లెక్కల పట్టికలను చదువుచుండగా మాకు ఎదురైన ఒక చిక్కు మమ్ములను ఈ పనికి పురికొల్పినది.

ఆ చిక్కు ఇది. 1941 జనగణనలో లూధియానా జిల్లా జనసంఖ్య 8,18,615. పదేండ్ల తరువాత 1951లో కూడ మొత్తము దాదాపు అంతే. పట్టికలో చివరి వరుస మాత్రమే చూచు విద్యార్థి ఆ పదేండ్లలో అక్కడ ఏమియు జరుగలేదని అనుకొనును. కాని ఆ మధ్యకాలములో జిల్లాలోని మూడవ వంతు కంటె ఎక్కువమంది ఇల్లు విడిచి పోయినారు. ఇంచుమించు అంతమంది మరొకచోట ఇల్లు పోగొట్టుకొని అక్కడికి చేరినారు. మొత్తము అను అంకె మనుష్యులను ఎంతగా దాచగలదో తెలుసుకొనుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు కనబడలేదు.

లూధియానా సట్లెజ్ నదికి దక్షిణమున, మాల్వా ప్రాంతములో ఉన్నది. పదునైదవ శతాబ్ది చివర, సికందర్ లోధీ కాలములో, యూసుఫ్ ఖాన్, నిహంగ్ ఖాన్ అను ఇద్దరు లోధీ సర్దారులు ఇక్కడ ఠాణా వేసినారు. లోధీల ఊరు కాబట్టి లోధియానా, అదియే లూధియానా. తరువాత మూడు శతాబ్దాలు అది సామాన్యమైన ఊరు. 1809లో రంజిత్ సింగునకు, ఆంగ్లేయులకు అమృతసర్ సంధి కుదిరి సట్లెజ్ నది సరిహద్దు కాగా, నది ఒడ్డున ఆంగ్లేయ సైన్యము దిగినది. దానితో ఊరి రాత మారినది. రాజ్యము పోగొట్టుకొన్న కాబూలు అమీరు షా షుజా 1816 నుండి ఇరువది ఏండ్లకు పైగా ఇక్కడనే ఆంగ్లేయుల భరణముపై కాలక్షేపము చేసినాడు. 1834లో వచ్చిన అమెరికన్ మిషనరీలు ముద్రణాలయము నెలకొల్పి, 1854లో పంజాబీ నిఘంటువును అచ్చు వేసినారు. 1894లో ఎడిత్ బ్రౌన్ అను వైద్యురాలు స్త్రీలకు వైద్యవిద్య నేర్పుటకు పాఠశాల తెరచినది. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దాని నుండి పెరిగినదే. పరిశ్రమకు ముందే పుస్తకము, వైద్యము అక్కడికి చేరుట గమనింపదగినది.

ఇక పరిశ్రమ సంగతి. 1833 ప్రాంతమున కాశ్మీరులో ఘోరమైన కరవు వచ్చినది. శాలువాలు నేయు కుటుంబాలు ఆకలికి తాళలేక కొండలు దిగి అమృతసర్, లూధియానా మొదలగు ఊళ్ళకు చేరినవి. వీరిలో అత్యధికులు ముస్లిములు. వారు తమతో తెచ్చుకొన్నది చేతిలోని పని ఒక్కటే. పష్మీనా శాలువాలకు అప్పుడు ఫ్రాన్సులో గిరాకీ విశేషము. 1870-71లో ఫ్రాన్సు జర్మనుల చేతిలో ఓడిపోయిన పిదప ఆ గిరాకీ కూలిపోయినది. ఎక్కడో ఐరోపాలో జరిగిన యుద్ధము లూధియానా గల్లీలో మగ్గమును ఆపివేసినదన్నమాట. మన చేనేత పల్లెలలో పుట్టిన విద్యార్థులకు ఈ వరుస విడమరచి చెప్పనక్కరలేదు. నేతగాండ్రు మెల్లగా చౌక ఉన్నికి, దుప్పట్లకు మరలినారు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున చేతితో త్రిప్పు అల్లిక యంత్రాలు దిగుమతి అయి, మేజోళ్ళతో హోజరీ పరిశ్రమ మొదలైనది. ఉన్ని ఎరిగిన చేతులు అక్కడ సిద్ధముగా ఉండుట వలననే యంత్రము అంత త్వరగా నిలద్రొక్కుకొన్నది.

అదే కాలములో జిల్లా జనసంఖ్య పెరుగలేదు సరికదా, తగ్గినది. 1901లో 6,73,097 ఉన్నవారు 1911 నాటికి 5,17,192 అయినారు. కారణాలలో మొదటిది ప్లేగు, దానితోపాటు మలేరియా. రెండవది వలస. చీనాబ్ నది కాలువ క్రింద పశ్చిమ పంజాబులోని బీడుభూములు సాగులోకి రాగా, లూధియానా, జలంధర్ జిల్లాల సిక్కు రైతులను, ముస్లిము రైతులను ప్రభుత్వము అక్కడికి పిలిచి భూములిచ్చినది. ఆ కాలువ కాలనీలకు కేంద్రముగా వెలసిన పట్టణము లయల్‌పూర్. పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు జేమ్స్ లయల్ పేర వెలసిన ఆ ఊరికే 1977లో ఫైసలాబాద్ అని పేరు మార్చినారు. ఈ రెండు ఊళ్ళ పేర్లను విద్యార్థులు జతగా గుర్తుంచుకొనవలెను.

1941 నాటి 8,18,615 మందిలో ముస్లిములు 3,02,482 మంది, అనగా నూటికి ముప్పదియేడుగురు. సిక్కులు సుమారు నలుబదిరెండుగురు, మిగిలినవారిలో హిందువులు అధికులు. లూధియానా పట్టణములో అయితే ముస్లిములే సగమునకు మించి ఉండిరి. 1947 ఆగస్టు 17న సరిహద్దు రేఖ వెల్లడి అయినది. లూధియానా ఆ రేఖకు దూరముగా, భారతదేశపు లోపలనే ఉన్నది. అయినను నెలల వ్యవధిలో జిల్లా ముస్లిములు దాదాపు అందరూ వెళ్ళిపోయినారు. కొందరు కాలినడకన, కొందరు బండ్లపైన, కొందరు రైళ్ళలో. చేరినవారు కొందరు, దారిలోనే పోయినవారు కొందరు. 1951లో ముస్లిముల సంఖ్య నూటికి ఒకటి కంటె తక్కువ.

వెళ్ళినవారిలో చాలామంది చేరినది ఎక్కడికి? లయల్‌పూరుకు. లూధియానా హోజరీ పనివారు అక్కడ మరల యంత్రాలు పెట్టుకొన్నారు. అక్కడి నుండి వచ్చినవారు ఎవరు? అర్ధశతాబ్ది క్రితము లూధియానా నుండి లయల్‌పూరు కాలనీలకు పోయిన సిక్కు రైతుల బిడ్డలు, మనుమలు. కాలనీలలో భూమి పోగొట్టుకొన్న రైతులకు సాధ్యమైనంతవరకు వారి పూర్వీకుల జిల్లాలలోనే భూములిచ్చుట పునరావాస శాఖ అనుసరించిన పద్ధతి. కనుక ఒక ఊరివారు రెండవ ఊరిని, రెండవ ఊరివారు మొదటి ఊరిని నింపినారు. నేడు ఫైసలాబాదును పాకిస్తాను మాంచెస్టరనియు, లూధియానాను భారతదేశపు మాంచెస్టరనియు పిలుచుట వాడుక. ఈ పోలిక కాకతాళీయము కాదు.

అందరూ వెళ్ళలేదని కూడ చెప్పవలెను. మజ్లిసె అహ్రార్ నాయకుడు మౌలానా హబీబుర్రహ్మాన్ లూధియాన్వీ విభజనను వ్యతిరేకించి భారతదేశములోనే నిలిచినాడు. 1956లో ఢిల్లీలో మరణించినాడు. సాహిర్ 1943లోనే చదువు కొరకు లాహోరు పోయి, విభజన తరువాత తిరిగివచ్చి బొంబాయిలో స్థిరపడినాడు. లూధియానాకు దక్షిణమున, ఒక పూట ప్రయాణమైనా లేని మలేర్‌కోట్ల సంస్థానములో ముస్లిములు చెక్కుచెదరలేదు. పూర్వము సర్‌హిందులో గురు గోవిందసింగు చిన్న కుమారులను గోడలో సమాధి చేయునప్పుడు అక్కడి నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ అది అధర్మమని ఎదిరించి పలికినాడనియు, ఆ ఋణమును సిక్కులు మరువలేదనియు ప్రజలు చెప్పుకొందురు. చరిత్రకారులు సంస్థాన పరిపాలన మొదలగు ఇతర కారణాలను కూడ చూపుతారు. కాని ఒక మంచిమాట రెండువందల నలుబది ఏండ్లు జ్ఞాపకములో నిలుచుట మాకు చిన్న విషయముగా తోచలేదు.

కాందిశీకులలో వ్యాపారులు, పనివారు అనేకులు. కమాలియా నుండి వచ్చిన ముంజాల్ సోదరులు మొదట సైకిలు విడిభాగాల వ్యాపారము చేసి, 1956లో హీరో సైకిళ్ళ కర్మాగారము పెట్టినారు. 1986లో అది ప్రపంచములో అత్యధికముగా సైకిళ్ళు తయారుచేయు సంస్థగా గిన్నిస్ పుస్తకమునకెక్కినది. అయితే లూధియానా గొప్పతనము పెద్ద కర్మాగారములో లేదు, గల్లీలో ఉన్నది. ఒక షెడ్డులో పెడలు, ఒక షెడ్డులో హబ్బు, మరొకచోట గొలుసు. హోజరీ కూడ ఇట్లే: అల్లిక ఒకచోట, రంగు అద్దుట ఒకచోట, కత్తిరింపు, కుట్టు వేరొకచోట. నలుగురైదుగురు పనివారితో చాలా చిన్న పెట్టుబడిపై ఒక మనిషి యజమాని కాగలడు. అన్నీ పోగొట్టుకొన్న కాందిశీకునికి ఇంతకంటె అనువైన ఏర్పాటు లేదు. దీని లోపము కూడ ఇక్కడనే ఉన్నది. చెల్లాచెదురుగా ఉన్న షెడ్డులపై కార్మిక చట్టము అమలు కష్టము. రంగు నీళ్ళు చేరి బుడ్ఢా నాలా అను పాత ఏరు మురుగుకాలువ అయినది.

మన రాష్ట్రాలతో లూధియానాకు ఒక ముడి ఉన్నది. 1960-61లో కేంద్రప్రభుత్వము సాంద్ర వ్యవసాయ పథకము కొరకు దేశములో మొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో లూధియానా ఒకటి, పశ్చిమ గోదావరి ఒకటి. అక్కడ గోధుమ, ఇక్కడ వరి. 1962లో లూధియానాలో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. మెక్సికో గోధుమ వంగడాలు, గొట్టపు బావులు, నూర్పిడి యంత్రాలు వచ్చినవి. ఆ యంత్రాలలో చాలావరకు ఆ గల్లీలలోనే తయారైనవి. పొలము కర్మాగారమునకు గిరాకీ ఇచ్చినది.

జనాభా శాస్త్రము చదువువారికి ఈ జిల్లాలోని ఖన్నా ప్రాంతము ప్రసిద్ధము. 1950ల నడుమ హార్వర్డు విశ్వవిద్యాలయము వారు అక్కడి గ్రామాలలో కుటుంబ నియంత్రణపై దీర్ఘకాలిక పరిశోధన చేసినారు. ఇంటింటికి మాత్రలు పంచినారు. గ్రామస్థులు మర్యాదగా పుచ్చుకొన్నారు. జననాల రేటుపై ఆశించిన ఫలితము రాలేదు. అనంతరము ఆ గ్రామాలలో ఒకదానికి వెళ్ళి మహమూద్ మమ్దానీ 1972లో ఒక పుస్తకము ప్రకటించినాడు. పొలములో పనిచేయుటకు, ముసలితనములో ఆదుకొనుటకు బిడ్డలు కావలసిన రైతుకు బిడ్డలు బరువు కారని అతని వాదము. ఇంటికి వచ్చిన దొరను నొప్పింపలేక మాత్రలు తీసుకొని ప్రక్కన పెట్టిన ఆ రైతులను తలచుకొన్నప్పుడు మాకు మన పల్లెలే గుర్తుకు వచ్చును.

తరువాతి పెరుగుదల పుట్టుకల వలన వచ్చినది కొంతయే. 1981లో 6,07,052 ఉన్న నగర జనసంఖ్య 1991లో 10,42,740, 2011లో 16,18,879 అయినది. స్థానిక యువకులు కెనడాకు, ఇంగ్లండుకు పోవుచుండగా, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి కూలీలు మొదట వరినాట్లకు, పిదప కర్మాగారాలకు వచ్చినారు. 2011లో జిల్లా మొత్తము 34,98,739. చదరపు కిలోమీటరుకు 978 మంది. వేయిమంది పురుషులకు స్త్రీలు 873 మంది. పురుషులు ఒంటరిగా వలస వచ్చుట వలన ఇట్లున్నదని కొందరు సరిపుచ్చుకొందురు. ఆ మాట సగమే నిజము. ఆరేండ్ల లోపు పిల్లలు వలస కూలీలు కారు గదా! వారిలో సైతము వేయిమంది బాలురకు బాలికలు 860 మందియే. 2001లో 817 మంది. అంకె కొంత మెరుగైనది, కాని దాని వెనుక పుట్టకుండ పోయిన బాలికలు ఉన్నారు. ప్లేగు కంటె, విభజన కంటె నిశ్శబ్దముగా జరిగిన నష్టమిది.

2011 లెక్కలలో జిల్లా ముస్లిములు నూటికి 2.22, అనగా 77 వేల పైచిలుకు. సంఖ్య తిరిగి పెరుగుచున్నదని చూచి, పోయినవారు తిరిగి వచ్చినారని ఎవరైనను భ్రమపడవచ్చును. వీరిలో అనేకులు ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి అల్లికకు, కుట్టుపనికి వచ్చినవారు. కాశ్మీరు కరవు నాడు వచ్చినవారివలె వీరును చేతిపని ఒక్కటి తెచ్చుకొన్నవారే. 2020లో దేశమంతట లాక్‌డౌన్ విధించినప్పుడు వీరును, వీరి హిందూ సహచరులును కలిసి ప్రత్యేక రైళ్ళ కొరకు ఎదురుచూచినారు. రైలు దొరకనివారు నడచినారు.

2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. తరువాతి లెక్కకు 2027 మార్చి 1 ప్రమాణ దినముగా ప్రకటించినారు. ఉన్ని బట్టల పని చలికాలమునకు ముందు ముమ్మరముగా ఉండి, చలి తగ్గగానే మందగించును. హోళీ పండుగ కూడ ఆ రోజులలోనే వచ్చును. ఊరికి పోయిన కూలీని లూధియానాలో లెక్కవేయుదురా, అతని పల్లెలో లెక్కవేయుదురా? ఆ పట్టిక వెలువడిన నాడు విద్యార్థులు చివరి వరుసకు పోకముందు, పుట్టిన చోటును తెలుపు వరుసలను ఒకసారి చూడవలెనని కోరుచున్నాము.