ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: హెల్మెట్ పెట్టుకున్న బిడ్డకు బట్టలు తొడగడం

ప్రశ్న: తల వెనుక ఒకవైపు చదునుగా మారినందున ఆరు నెలల పాపకు వైద్యులు హెల్మెట్ పెట్టించారనీ, జులై ఎండల్లో పాప తల చెమటతో తడిసిపోతోందనీ, ఏడో నెలలో జరిపే అన్నప్రాశనకు పట్టు పరికిణీతో పాటు హెల్మెట్ కనబడకుండా లేసు టోపీ కుట్టించవచ్చా అనీ డల్లాస్‌లో ఉంటున్న ఒక తల్లి అడుగుతున్నారు.

జవాబు: టోపీ వద్దు. పసిబిడ్డ శరీరంలో తల వాటా పెద్దది కాబట్టి ఒంటి వేడిలో చెప్పుకోదగ్గ భాగం తలనుంచి బయటికి పోతుంది. రోజుకు 23 గంటలు ఉండే హెల్మెట్ ఆ దారిని చాలావరకు మూసివేస్తుండగా, గాలి ఆడటానికి ఉన్న కాసిని రంధ్రాలను కూడా లేసుతో కప్పితే పాపకు ఉక్క తప్ప మిగిలేది ఉండదు. ఆ వేడి ఒంటి మీదుగానే పోవాలి గనుక, పెద్దలు వేసుకున్న పొరలకన్నా బిడ్డకు ఒక పొర ఎక్కువ ఉండాలన్న పాత లెక్క ఇక్కడ పనికిరాదు. డల్లాస్ ఎండల్లో ఒకే ఒక పలుచని నూలు చొక్కా చాలు, ఇంట్లో ఉన్నప్పుడు డైపరుతో వదిలినా తప్పులేదు. చేతులూ పాదాలూ చల్లగా తగిలినంత మాత్రాన పాపకు చలి వేస్తోందని అనుకోకుండా, మెడ వెనుకా రొమ్ము మీదా చేయి పెట్టి చూడాలి. అక్కడ వేడిగా, చెమ్మగా ఉంటే బట్ట తగ్గించాలి. మొదటి ఒకటి రెండు వారాలు చెమట ఎక్కువగా పట్టడం మామూలే, తరువాత శరీరం అలవాటు పడుతుంది. జ్వరం వస్తే మాత్రం హెల్మెట్ తీసివేసి, తగ్గిన తరువాతే మళ్లీ పెట్టాలి.

ఇక బట్టల మెడ సంగతి. తలమీదుగా తొడిగే ఇరుకు మెడ చొక్కా హెల్మెట్ అంచుకు తట్టుకుంటుంది, లాగితే హెల్మెట్ పక్కకు తిరుగుతుంది, పాప ఏడుస్తుంది. ముందువైపు బొత్తాలు, జిప్పు, లేదా పక్కన కట్టుకునే ముడులు ఉన్నవి మేలు. భుజాల దగ్గర రెండు అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చే వన్సీలను కాళ్లవైపు నుంచి పైకి ఎక్కించవచ్చు. మెడ ఇరుకుగా ఉన్న బట్ట తప్పనిసరిగా తొడగవలసి వస్తే, స్నానానికి హెల్మెట్ తీసిన గంటలోనే, తిరిగి పెట్టేముందు తొడగాలి. వెనుక టోపీ వేలాడే చొక్కాలు, దళసరి కాలర్లు పడుకున్నప్పుడు మెడ కింద ముద్దగా చేరి హెల్మెట్‌ను పైకి నెట్టివేస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టడమే మంచిది. హెల్మెట్ పక్కన బిగించే పట్టీకి ఉండే వెల్క్రో జరీనీ, లేసునూ, అల్లిక ఉన్నినీ పట్టి పీకుతుంది. మెడలో గొలుసు, పూసల దండ హెల్మెట్ అంచు దగ్గర చర్మాన్ని ఒరుసుకుంటాయి. అన్నప్రాశన రోజున పట్టు పరికిణీ వేయడానికి అభ్యంతరం లేదు. రోజూ హెల్మెట్ లేకుండా ఉండే ఆ ఒక్క గంటను ముహూర్తానికి కలిసివచ్చేలా చూసుకుని, వేడుక కాగానే పట్టు తీసి నూలు చొక్కా తొడిగి, తల తుడిచి ఆరాక హెల్మెట్ పెడితే సరిపోతుంది.

అయితే ఉత్తరంలో టోపీ గురించి రాసినా, దాని వెనుక ఉన్న దిగులు వేరే. ఫోటోలో హెల్మెట్ చూసి ఊళ్లోని బంధువులు ఏమనుకుంటారో, బిడ్డను సరిగా పడుకోబెట్టలేదని తల్లిని అంటారేమో అన్న బాధ ప్రతి వాక్యంలోనూ ఉంది. ఆ తల్లి తెలుసుకోవలసినది ఇది: నిద్రలో ఏ కారణమూ కనబడకుండా పసిపిల్లలు చనిపోయే ఆకస్మిక శిశుమరణాలను తగ్గించడానికి బిడ్డను బోర్లా కాక వెల్లకిలా గానీ పక్కకు గానీ పడుకోబెట్టాలని 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది, 1994లో అది దేశవ్యాప్త ప్రచారమైంది, ఆ తరువాతి సంవత్సరాలలో అటువంటి మరణాలు సగానికి సగం తగ్గాయి. మెత్తని కపాలం ఎప్పుడూ ఒకే చోట ఆనడం వల్ల ఏర్పడే చదునుదనం, అంటే వైద్యులు ప్లేజియోసెఫలీ అని పిలిచే స్థితి, అదే కాలంలో ఎక్కువగా కనిపించడం మొదలైంది. బిడ్డ ప్రాణానికి ఏది క్షేమమో ఆ తల్లి అదే చేసింది. పాప తల మీద ఉన్నది దాచవలసిన వస్తువు కాదు, ఫోటోలో కనబడనివ్వాలి.

ప్రశ్న: హెల్మెట్ లోపల చెమట వాసన వస్తోందనీ, బేబీ పౌడరు చల్లవచ్చా, తలకు కొబ్బరినూనె రాయవచ్చా అనీ విజయవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

జవాబు: రెండూ కూడదు. పౌడరు చెమటతో ముద్దకట్టి చర్మాన్ని ఒరుస్తుంది, నూనె లోపలి నురగ పొరలో ఇంకుతుంది. రోజూ తలకు స్నానం చేయించి, హెల్మెట్ లోపల తయారీదారు చెప్పిన ద్రవంతోనే తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి.

ప్రశ్న: నాలుగు నెలల బాబు తల ఫోటోలను ఫోను యాప్‌లో పెడితే చదునుదనం తీవ్రంగా ఉందని వచ్చిందనీ, ఇంటర్నెట్‌లో రెడీమేడ్ హెల్మెట్ తెప్పించామనీ, అది కాస్త వదులుగా ఉన్నందున లోపల నూలు కుల్లాయి తొడిగి పెడుతున్నామనీ, బాబు నాయనమ్మ ఆవాల దిండు చాలంటున్నారనీ, కుల్లాయికి ఎటువంటి గుడ్డ మంచిదో చెప్పాలనీ హైదరాబాద్ నుంచి ఒక తండ్రి రాశారు.

జవాబు: ఏ గుడ్డా మంచిది కాదు. ఈ ఉత్తరానికి మొదటి జవాబు కుల్లాయినీ, దాని మీది హెల్మెట్‌నూ ఈ రోజే తీసివేయమని. తలను సరిదిద్దే హెల్మెట్ ఒక్కో బిడ్డ కపాలం కొలతలు తీసుకుని తయారుచేసే సాధనం. ఎత్తుగా ఉన్నచోట అది తలను తాకి నిలుస్తుంది, చదునైన చోట ఖాళీ వదులుతుంది, పెరుగుతున్న తల ఆ ఖాళీలోకి పెరిగి ఆకారం సర్దుకుంటుంది. పొట్లకాయకు రాయి కట్టి సాగదీసినట్టు అది ఎముకను లాగదు. ఎక్కడ తాకాలి, ఎక్కడ ఖాళీ ఉండాలి అన్నదే చికిత్స అయినప్పుడు, ఎవరి తలకో చేసిన డిప్పలో కుల్లాయి కుక్కితే ఆ ఖాళీ పూడిపోతుంది, గుడ్డ ముడతలు నొక్కుకున్న చోట చర్మం కమిలిపోతుంది, బిడ్డకు ఉక్క పోస్తుంది, లాభం సున్నా. అమెరికాలో 1998 నుంచి ఈ హెల్మెట్‌లు ప్రభుత్వ ఆహార ఔషధ సంస్థ నియంత్రణలో, వైద్యుడి చీటీ మీద మాత్రమే దొరికే సాధనాలు. చెప్పుల జత మాదిరిగా అంకె చూసి కొనవలసినవి కావు.

యాప్ చెప్పిన తీవ్రత గురించి కూడా గట్టిగా చెప్పవలసి ఉంది. పడుకోవడం వల్ల చదునైన తలను పైనుంచి చూస్తే చదునైన వైపు చెవి, నుదురు కొంచెం ముందుకు జరిగి ఉంటాయి. కపాలం ఎముకల మధ్య అతుకులు ముందే మూసుకుపోయే క్రేనియోసినోస్టోసిస్ అనే వేరొక జబ్బులో కూడా తల వంకరగా కనిపిస్తుంది, కానీ దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఈ రెంటినీ వేరుచేసేది తలను చేత్తో తడిమి, అతుకులను పరిశీలించి, అవసరమైతే ఇతర పరీక్షలు చేయించే వైద్యుడే. మెడ కండరం ఒకవైపు బిగుసుకోవడం, అంటే టార్టికోలిస్, ఉన్న బిడ్డ ఎప్పుడూ ఒకే వైపు తిరిగి పడుకుంటాడు. ఆ మెడకు ఫిజియోథెరపీ చేయించకుండా తలకు ఏది తొడిగినా కారణం అలాగే ఉండిపోతుంది. ఫోనుకు ఇవేవీ తెలియవు. అది చెప్పిన ఒక్క మాటకు భయపడి ఇల్లంతా నిద్ర మానుకోవడం, వైద్యుడి దగ్గరికి మాత్రం వెళ్లకపోవడం బాధ్యత గల తల్లిదండ్రులకు తగని పని.

నాలుగో నెలలో మొదట చేయవలసినది హెల్మెట్ కానే కాదు. మెలకువగా ఉన్నప్పుడు పెద్దవారి కళ్లముందు రోజుకు పలుమార్లు బోర్లా పడుకోబెట్టడం, ఎత్తుకునే భుజం మార్చడం, చదునైన వైపు కాక రెండోవైపు తల తిప్పేలా ఆటబొమ్మనూ మాటనూ అటునుంచి అందించడం, గుడ్డ ఉయ్యాలలో గంటల తరబడి ఉంచకపోవడం వల్ల చాలామంది పిల్లల తలలు మెరుగవుతాయి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన డచ్ అధ్యయనం 84 మంది పిల్లలను పరిశీలించి, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన చదునుదనం ఉన్నవారిలో కూడా రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టిన వారికీ పెట్టని వారికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. 2016 నాటి అమెరికా నాడీశస్త్రవైద్యుల మార్గదర్శకాలు మాత్రం ఇతర ప్రయత్నాలతో తగ్గని ఓ మోస్తరు నుంచి తీవ్రమైన వంకరకు హెల్మెట్‌ను సమర్థిస్తాయి. వైద్యులలోనే ఇంత చర్చ ఉన్న చికిత్సను అంగడి వస్తువుగా కొని తెచ్చుకోవడం ఎంత తొందరపాటో ఆ తండ్రి ఆలోచించాలి.

నాయనమ్మ గారి మాటలో ప్రేమ ఉంది, కానీ ఆవాల దిండు కూడా వద్దు. నిద్రలో ముఖం దిండులోకి ఒరిగితే పసిబిడ్డ తనంతట తాను తల తిప్పుకోలేకపోవచ్చు. తలకు ఆకారం తెస్తాయని అమ్మే దిండ్లు వాడవద్దని 2022లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించినది ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉన్నందుకే. పరుపు గట్టిగా, చదునుగా, దిండు లేకుండా ఉండాలి.

ప్రశ్న: హెల్మెట్ వాడుతుండగా తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించవచ్చా అని మరొకరి ప్రశ్న.

జవాబు: చికిత్స పూర్తయ్యేవరకు ఆగడం మంచిది. కత్తి గాట్ల మీద హెల్మెట్ పెట్టకూడదు, జుట్టు పోతే అమరిక కూడా మారుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీ చలిలో ఎనిమిది నెలల బాబుకు హెల్మెట్‌తో పాటు దళసరి కోటు వేసి కారు సీటులో కూర్చోబెట్టవచ్చా అనీ, ఈ చదునుదనం వల్ల బాబు మెదడు ఎదగదేమో అనీ ఒక తండ్రి అడిగారు.

జవాబు: కోటు వేసి బెల్టు బిగిస్తే ప్రమాద సమయంలో కోటు అణిగి బెల్టు వదులవుతుంది, పలుచని పొరలతో కూర్చోబెట్టి, బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పి, కారు వేడెక్కగానే తీసివేయాలి.

ఆ తండ్రిని నిద్రపోనివ్వనిది రెండో ప్రశ్నే అని తెలుస్తూనే ఉంది. పడుకోవడం వల్ల వచ్చిన చదునుదనం మెదడు పెరుగుదలను అడ్డుకోదు. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లు ఉండే తల చుట్టుకొలత ఏడాదికి సుమారు 46 సెంటీమీటర్లకు పెరుగుతుంది, తల వంకరగా ఉన్న బిడ్డలో కూడా మెదడుకు చోటు తగ్గదు. ఎప్పుడూ వెల్లకిలా ఉండే పిల్లలు బోర్లాపడటం, పాకడం కొంత ఆలస్యంగా నేర్వవచ్చు కాబట్టి, ఎదుగుదల దశలను వైద్యుడు క్రమంగా చూస్తూ ఉండాలి. హెల్మెట్ తీసిన ప్రతిసారీ చర్మం చూడాలి; ఎరుపు గంటలోపు పోతే భయం లేదు, పోకపోతే హెల్మెట్ పెట్టకుండా దాన్ని అమర్చిన వారికి ఆ రోజే చూపించాలి.