శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడు

మొన్న అర్ధవీడు నుంచి నాయనమ్మ ఫోన్: "నీకు ఏలినాటి శని నాయనా, ఇప్పుడు ఉద్యోగం మారొద్దు." భయమేసింది. తర్వాత లెక్క వేశాను.

శని గ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 29.5 ఏళ్లు. 12 రాశులకు పంచితే ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్లు. జన్మరాశి, దాని ముందుది, తర్వాతది, మూడూ కలిపితే ఏడున్నరేళ్లు. అదే ఏలినాటి శని!

టెలిస్కోపు లేని రోజుల్లోనే మన పెద్దలు ఈ నెమ్మది నడకను గమనించి పేరు పెట్టారు. 12 రాశుల్లో ఎప్పుడూ మూడింటికి ఏలినాటి నడుస్తూనే ఉంటుంది. అంటే అది నా ఒక్కడికే పడిన శిక్ష కాదు, అందరికీ వచ్చే వంతు.

నాయనమ్మకి ఒకటే చెప్పాను: "నవగ్రహాలకు ప్రదక్షిణ చేస్తా, ఇంటర్వ్యూకీ వెళ్తా." శుభం!