గుండెకు స్టెంటు, బైపాస్ అయినవారు: రక్తదానం దగ్గర చేయవలసినవి - చేయకూడనివి

సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి మొదలు మినిస్టర్ రోడ్డు దాకా పెద్దాసుపత్రులున్నాయి. లోపల ఆపరేషన్ అనగానే బయట ఉన్న బంధువులను రక్తం చూసుకోమంటారు. ఆ కంగారులో "నాకు స్టెంటు వేసి ఏళ్లయింది, బాగానే ఉన్నాను, నేనిస్తాను" అని పెద్దవాళ్లు ముందుకొస్తారు. వారి మనసు మంచిదే. అయినా ఇవ్వకూడదు.

నేషనల్ బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ కౌన్సిల్ 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెపోటు వచ్చినవారు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారు ఎప్పటికీ రక్తదానానికి అర్హులు కారు. స్టెంటు, బైపాస్ ఆ జబ్బుకు చేసే వైద్యాలే. వాటితో నొప్పి తగ్గుతుంది, జబ్బు మాత్రం పోదు. రక్తం ఇచ్చేటప్పుడు కనీసం 350 మిల్లీలీటర్లు తీస్తారు. ఆ లోటుకు గుండె వేగం పెంచుకోవాలి, కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఆరోగ్యవంతులు కాసేపు పడుకుంటే తేరుకుంటారు. నాళాలు పూడిన గుండెకు అదే ప్రమాదం.

చేయవలసినవి

• ఫారం నింపేటప్పుడు గుండె జబ్బు ప్రశ్న దగ్గర ఆగి, నిజం రాయండి.

• స్టెంటు సంగతి మీరే నోరు విప్పి చెప్పండి. చేతి నాళం గుండా వేస్తే మణికట్టు మీద చెప్పుకోదగ్గ మచ్చ కూడా మిగలదు, చూసి ఎవరూ కనిపెట్టలేరు.

• నలుగురిలో చెప్పడం ఇబ్బందిగా ఉంటే బ్లడ్ బ్యాంకు డాక్టరుతో విడిగా మాట్లాడండి.

• వాడే మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్, సార్బిట్రేట్ లాంటి పేర్లు తప్పకుండా చెప్పండి.

• చిన్నప్పుడు గుండెలో రంధ్రం మూయించుకున్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు డిశ్చార్జి కాగితాలు చూపించండి. నిర్ణయం బ్లడ్ బ్యాంకు డాక్టరుకే వదిలేయండి.

• యాంజియోగ్రామ్ మాత్రమే జరిగి, నాళాలు బాగున్నాయని తేలినవారు కూడా ఆ రిపోర్టు తీసుకెళ్లండి.

• బీపీ మాత్రలు వాడేవారు ఇటీవల మందు గానీ డోసు గానీ మారిందేమో చెప్పండి.

• మీ బదులు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారిని పంపండి. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి.

• వెళ్లేవారికి టిఫినో భోజనమో పెట్టి పంపండి, ఖాళీ కడుపుతో ఇస్తే కళ్లు తిరుగుతాయి.

• ఇంతకుముందు ఎప్పుడిచ్చారో అడగండి. మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు గడవాలి.

• తెలియక ఇచ్చేశాక ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు మొదలైతే వెంటనే సిబ్బందికి చెప్పండి. ఇంటికొచ్చాక అయితే 108కి ఫోన్ చేయండి.

• చెప్పని సంగతి తర్వాత గుర్తొచ్చినా బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పండి. ఆ రక్తం రోగికి ఎక్కించేలోపే పక్కన పెట్టగలుగుతారు.

చేయకూడనివి

• రక్తం ఇవ్వడం కోసం మాత్రలు ఆపకండి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. రక్తం పలచబరిచే మందు హఠాత్తుగా మానేస్తే స్టెంటులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు, ప్రాణం పోవచ్చు.

• "నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను" అన్న ధీమాతో సూది వేయించుకోకండి.

• ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించి బ్లడ్ బ్యాంకు సిబ్బందిని ఒత్తిడి చేయకండి.

• అమెరికాలో ఉన్న పిల్లల మాట ఇక్కడ వర్తింపజేయకండి. అక్కడి రెడ్ క్రాస్ స్టెంటు, బైపాస్ తర్వాత ఆరు నెలలు ఆగి, మిగతా షరతులు సరిపోతే తీసుకుంటుంది. మన నిబంధన వేరు.

• తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకున్న సంగతి ఆరోగ్యవంతులైనా దాచకండి. మూడు రోజుల దాకా అలాంటివారి రక్తంలోంచి ప్లేట్‌లెట్లు తీసి వాడరు.

• వెనక్కి పంపారని చిన్నబుచ్చుకోకండి, ఆ డాక్టరు మీ ప్రాణమే కాపాడారు.

• కాలనీ శిబిరంలో తోటివాళ్ల మాట కాదనలేక వరుసలో నిలబడకండి.

• స్టెంటు వేయించుకున్న తండ్రినో మామగారినో "మీ గ్రూపు అదే కదా" అని బలవంతపెట్టకండి.

• డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవారి కోసం ఆసుపత్రి గేటు దగ్గర వెతకకండి. సుప్రీంకోర్టు 1996 తీర్పు మేరకు 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. అలాంటివారు తమ జబ్బులు చెప్పరు.

• ఇచ్చిన వెంటనే బండి నడపకండి, ఎవరైనా సరే.

• మీరు ఇవ్వలేరని ఈ పనికి దూరం కాకండి. వేసవిలో కాలేజీలు మూసేస్తే శిబిరాలు తగ్గి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి, తలసేమియా పిల్లలకు మాత్రం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో మీ ఇంట్లోంచి, మీ వీధిలోంచి ఆరోగ్యవంతులైన ఒకరిద్దరిని దగ్గరి బ్లడ్ బ్యాంకుకు తీసుకెళ్లండి.