ధర పాతబడుతుంది, స్పేర్ పార్టు పాతబడదు

మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా నా ఉద్యోగమంతా బషీర్‌బాగ్‌లోనే గడిచింది. ఇక్కడ ఏ మెట్లెక్కినా ఓ ఇన్సూరెన్స్ ఆఫీసు తగిలేది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చాక చాలా ఏళ్లు ఇక్కడి పరిశ్రమ భవన్‌లోనే ఉంది. మా వృత్తివాళ్లం కారును షోరూము దీపాల కింద చూడం. గుద్దుకున్నాకో, మునిగాకో, కాలాకో చూస్తాం. అందుకే కాబోలు, పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డ కుర్రాళ్లు కొనేముందు నా దగ్గరికి వస్తుంటారు. ఫోన్‌లో ఫొటో చూపించి అందరూ అడిగేది ఒకటే: "అంకుల్, కొత్తది అరవై లక్షలు. పాతికకే ఇస్తానంటున్నాడు. తీసేసుకోమంటారా?" వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. కారు ధర తగ్గింది, దాని ఖర్చు తగ్గలేదు

అరవై లక్షల కారు పాతిక లక్షలకు వచ్చినంత మాత్రాన అది పాతిక లక్షల కారు అయిపోదు. దాని బ్రేక్ డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైట్లు అన్నీ అరవై లక్షల కారువే. పంతొమ్మిది అంగుళాల చక్రాలకు మంచి కంపెనీ టైర్లు నాలుగు వేయిస్తే లక్ష దాటుతుంది. ఒక్క హెడ్‌లైటే లక్ష దాటే కార్లున్నాయి.

"ఇన్సూరెన్స్ ఉందిగా" అంటారు. ఉంది, కానీ అది కారు వయసు చూసి డబ్బిస్తుంది. అయిదేళ్లు దాటి పదేళ్ల లోపున్న కారుకు మామూలు పాలసీలో ఇనుప భాగాల మీద 40 శాతం తరుగు తీసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగుల మీద వయసుతో పని లేకుండా 50 శాతం తీసేస్తారు. అంటే కంపెనీ పార్టును కొత్త ధరకు అమ్ముతుంది, ఇన్సూరెన్స్ పాత లెక్కన కడుతుంది, మధ్యలో తేడా మీ జేబులోంచి పోతుంది. పాత కారు తరుగు పూడ్చే జీరో డెప్ పాలసీ దొరకడం కష్టం. కాబట్టి బేరానికి ముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి నాలుగు ధరలు కనుక్కోండి: ముందు బ్రేకుల సెట్టు, ఒక హెడ్‌లైట్, క్లచ్ లేదా గేర్‌బాక్స్ మరమ్మతు, ఏడాది సర్వీసు. ఆ నాలుగూ కాగితం మీద పెట్టాక సగంమంది మనసు మార్చుకుంటారు.

2. కంపెనీ ఇంకా ఇక్కడ ఉందా?

ఫోర్డ్ మస్టాంగ్ 2016లో 65 లక్షలకు మన దేశానికి వచ్చింది. 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. తక్కువ డబ్బులో సరదా తీర్చే కార్లూ ఉన్నాయి: 2015లో వచ్చిన 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో, 2016లో వచ్చిన మూడు డోర్ల పోలో జీటీఐ. అబార్త్ తెచ్చిన ఫియట్ ఇప్పుడు మన దేశంలో కార్లు అమ్మడం లేదు. పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగింది. ఇలాంటి కారు కొనకూడదని కాదు. బంపర్ పగిలితే కొత్తది ఎన్ని రోజుల్లో వస్తుందో, హైదరాబాద్‌లో ఆ బండి విప్పగల మెకానిక్ ఎవరో తెలిశాకే కొనాలి. మెకానిక్‌ను ముందు వెతుక్కుని, కారును తర్వాత వెతుక్కున్నవాడు సుఖపడతాడు.

3. ముందు కాగితాలు, తర్వాత కారు

ఎర్రటి కూపే ఎదురుగా ఉంటే ఆర్సీ వైపు కళ్లు పోవు. అందుకే కారు చూడ్డానికి వెళ్లకముందే ఆర్సీ కాపీ వాట్సాప్‌లో తెప్పించుకోండి. రవాణా శాఖ సైట్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, ఫైనాన్స్, చలాన్లు చూడండి. హైపోథికేషన్, అంటే కారు మీద అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రానిదే బయానా ఇవ్వకండి.

ఛాసిస్ నంబరు ఆర్సీలో ఒకసారి, కారు మీద ఒకసారి, ఇన్సూరెన్స్ పాలసీలో ఒకసారి చదివి సరిపోల్చుకోండి. మన దేశంలోనే తయారైన స్పోర్ట్స్ కారు డీసీ అవంతి విషయంలో 2020 డిసెంబరులో ముంబై పోలీసులు కేసు పెట్టారు. ఒకే ఛాసిస్, ఇంజిన్ నంబర్లతో రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు జరిగాయని, ఒకే బండి మీద ఒకటికి మించి అప్పులు తీసుకున్నారని వాళ్ల ఆరోపణ. అలాంటి బండి కొంటే ఒకరోజు ఫైనాన్స్ వాళ్లు ఇంటికొచ్చి తీసుకుపోతారు.

4. పొరుగు రాష్ట్రం నంబరు చౌక కాదు

తెలంగాణలో 2022లో లైఫ్ ట్యాక్స్ శ్లాబులు మార్చినప్పుడు ఇరవై లక్షలు దాటిన కారుకు 18 శాతం పెట్టారు. ఇలాంటి పన్నులు తప్పించుకోవడానికే కొందరు ముందు నుంచీ పుదుచ్చేరి అడ్రసు పెట్టి రిజిస్టర్ చేయించారు. కేరళలో 2017లో ఇది పెద్ద గొడవైంది. 2021లో హైదరాబాద్‌లోనూ పన్ను కట్టని ఖరీదైన కార్లను అధికారులు పట్టుకున్నారు. బయటి నంబరు కారు నాలుగు లక్షలు తక్కువకు వస్తోందంటే, ఇక్కడ కట్టాల్సిన పన్ను ఎంతో ఖైరతాబాద్ ఆర్టీఏలో అడిగి ఆ మొత్తాన్ని ధరకు కలపండి. అప్పుడు ఇక్కడి నంబరు కారే చౌకగా కనిపించొచ్చు.

విదేశం నుంచి సెకండ్ హ్యాండ్‌గా తెచ్చిన కారైతే ఇంకా జాగ్రత్త. వాడిన కారు దిగుమతి కావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. విలువ తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టారన్న ఆరోపణ మీద 2025లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం డీఆర్‌ఐ అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఒక ఖరీదైన కార్ల డీలరును అరెస్టు చేశారు. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కస్టమ్స్ కాగితం కాపీ చూపించలేని కారు ఎంత అందంగా ఉన్నా అది మీది కాదు.

5. నో క్లెయిమ్ బోనస్ నిజం చెబుతుంది

ఇది మా వృత్తి రహస్యం. అమ్మేవాడి పాత పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ ఎంత ఉందో చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ పడితే సున్నాకు వస్తుంది. ఆరేళ్ల కారుకు సున్నా ఉందంటే కిందటేడు ఏదో జరిగి ఉండొచ్చు. ఏం జరిగిందో, ఎంత బిల్లయిందో అడగండి. అయితే ఈ బోనస్ మనిషిది, కారుది కాదు. పాత కారు మీది బోనస్‌ను ఈ కారుకు తెచ్చుకుని ఉండొచ్చు. కాబట్టి 50 శాతం చూసి సంబరపడకండి, సున్నా చూస్తే మాత్రం ఆగండి.

మరమ్మతు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. పాత స్పోర్ట్స్ కారుకు బీమా విలువ తక్కువ, పార్టుల ధర ఎక్కువ. ఓ మోస్తరు గుద్దుడుకే లెక్క దాటిపోతుంది. ఆ తుక్కును ఎవరో వేలంలో కొని, ఇంకో కారు భాగాలు తగిలించి, రంగు కొట్టి మళ్లీ అమ్మకానికి పెడతారు. మార్కెట్‌లో అన్నిటికన్నా తక్కువ ధర పలికే కారు చాలాసార్లు ఇదే.

6. బానెట్ బోల్టు, సీటు బెల్టు

ఫ్యాక్టరీలో వేసిన బోల్టు తల మీద రంగు చెక్కుచెదరదు. స్పానర్ పెట్టాక అంచున రంగు లేస్తుంది. బానెట్, ఫెండర్, డోర్ల బోల్టులు వరసగా చూడండి. ఒకవైపే లేచి ఉంటే ఆ వైపు దెబ్బ తగిలిందని అర్థం. కిటికీ అద్దాల మూలన కంపెనీ ముద్ర, తయారీ సంవత్సరం ఉంటాయి. అయిదు ఒకే ఏడాదివై, ఒకటి వేరే ఏడాదిదైతే దాన్ని ఎందుకు మార్చారో అడగాలి.

లప్పం పట్టారేమోనని చాలామంది అయస్కాంతం తెస్తారు. మారుతికి అది పనికొస్తుంది. ఆడీ టీటీ లాంటి కార్లలో ముందు భాగం చాలావరకు అల్యూమినియం, అక్కడ అయస్కాంతం అసలే అంటుకోదు. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు తెచ్చే మెకానిక్‌ను పిలవండి. కంపెనీ రంగు మామూలుగా వంద మైక్రాన్ల అటూఇటూ ఉంటుంది. ఒక డోరు మీద అయిదు వందలు చూపిస్తే కింద లప్పం ఉన్నట్టే.

ఇక నీళ్లు. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు ఈ నగరంలో ఎన్ని కార్లు మునిగాయో మా వాళ్లందరికీ గుర్తే. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది, నీళ్లు అందులోకే ముందు వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ బయటికొచ్చే మూర శుభ్రంగా ఉండి, లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద మట్టి గీత కనిపిస్తే ఆ కారు మునిగింది. సీటు కింద పట్టాల్లో, డిక్కీలో స్టెప్నీ గుంటలో టార్చి వేసి చూడండి. కార్పెట్ కొత్తది వేస్తారు కానీ బెల్టు మార్చడం ఎవరికీ గుర్తుండదు.

7. తక్కువ తిరిగిందంటే మంచిదని కాదు

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 నాటిది, వేడుకలకు తప్ప బయటికి తీయలేదు. అంత తక్కువ తిరిగినా దాన్నీ బాగు చేయించాల్సి వచ్చింది. నిలబెట్టిన బండికి రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, బ్యాటరీ చస్తుంది, టైర్లు గట్టిపడతాయి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు మీద పద్దెనిమిది వేలే ఉండి, టైర్లు అప్పుడే మారి ఉంటే, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరును నమ్మకండి. ఏటా సర్వీసు బిల్లులతో యాభై వేలు తిరిగిన కారు, బిల్లుల్లేకుండా పది వేలు తిరిగిన కారు కన్నా నయం.

8. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి

పొద్దున్నే వెళ్లండి. ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి దాచాల్సింది దాచారన్నమాట. స్టార్ట్ చేశాక నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఆగకుండా తెల్ల పొగ వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. మడిచే టాపు ఉన్న కారైతే రెండుసార్లు తెరిచి మూయండి, మధ్యలో ఆగిందంటే ఖర్చు పెద్దది.

డ్రైవ్‌కు మాత్రం సాయంత్రం మళ్లీ వెళ్లండి, రోడ్డు మీరే ఎంచుకోండి. లిబర్టీ నుంచి బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్ జీపీఓ దాకా సాయంత్రం ఆరింటికి నడిపితే క్లచ్, ఏసీ, టెంపరేచర్ మీటరు అన్నీ బయటపడతాయి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ట్రాఫిక్‌లో కదిలీ కదలకుండా పాకేటప్పుడు కుదుపులు పెడితే అక్కడే తెలుస్తుంది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. అక్కడ కూడా గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే. నాలుగు వందల హార్స్‌పవర్‌కు డబ్బు కట్టేముందు దాన్ని వాడే చోటు ఉందా అని కూడా ఆలోచించండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద రాసుకుంటోందా లేదా అన్నది రోజూ ఎదురయ్యే విషయం.

9. సైలెన్సర్ మార్చిన బండి వద్దు

ఇంజిన్ రీమ్యాపింగ్ చేశాం, ఎగ్జాస్ట్ మార్చాం, ఇంకా నలభై హార్స్‌పవర్ పెరిగిందని గొప్పగా చెబుతారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఆర్సీకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మెడకు చుట్టుకుంటుంది.

10. ఫ్యాన్సీ నంబరుకు డబ్బు కట్టకండి

2024లో టీజీ 09 9999 నంబరు వేలంలో పాతిక లక్షలు దాటి పలికింది. అది కొన్నవాడి సరదా. ఆ నంబరుతో గేర్‌బాక్స్ బాగుపడదు.

11. డబ్బు ఇచ్చాక పని మొదలవుతుంది

పేరు మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని సొరుగులో పడేసేవాళ్లు బోలెడుమంది. కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు దరఖాస్తు చేయాలి, ఇన్సూరెన్స్ తన పేరుకు మార్చమని 14 రోజుల్లో అడగాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం వాళ్లే కట్టాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే బుద్ధున్న అమ్మకందారు కూడా పేరు మార్పుకు తొందరపెడతాడు. తొందరపెట్టని పాత కార్ల కన్సల్టెన్సీని నమ్మకండి.

ఇన్ని చెప్పాక కుర్రాళ్లు "మరి మంచి బేరం ఏది అంకుల్?" అంటారు. నా లెక్క ఇది. అడిగిన ధరకు ఇక్కడి పన్ను, ఇన్సూరెన్స్, టైర్లు, బ్రేకులు, మొదటి ఏడాది సర్వీసు కలపండి. అవన్నీ కట్టాక కూడా కారు ధరలో అయిదో వంతు మీ బ్యాంకులో ముట్టుకోకుండా మిగలాలి. మిగిలితే, కాగితాలు సరిగ్గా ఉంటే, ఏటా సర్వీసు బిల్లులుంటే రెండు లక్షలు ఎక్కువైనా తీసుకోండి. మిగలకపోతే సగం ధరకు వచ్చినా వద్దు. మీ మెకానిక్ చేత లిఫ్ట్ మీద ఎక్కించి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇంకో మాట మాట్లాడకుండా లేచి వచ్చేయండి. ఇంకో కారు దొరుకుతుంది.