శిక్ష అనే మాట, కోర్టు బీటు

తెనాలి

చిరంజీవి చిన్నికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కటింగ్ చూశాను. వార్త బాగుంది, హెడ్డింగే బాగాలేదు. 'చోరీ కేసులో నిందితుడికి 14 రోజుల జైలు శిక్ష' అన్నారు. లోపల చదివితే మేజిస్ట్రేటు విధించింది రిమాండు! హెడ్డింగు డెస్కులో పెట్టారనుకో, నాకు తెలుసు. కానీ నీ కాపీలో రిమాండు అన్న మాట మూడో పేరా దాకా రాలేదు. ఆ సందులోంచే శిక్ష దూరింది. సవరణ వెయ్యమని ఇన్‌చార్జిని మెల్లగా అడుగు, గొడవపడకు.

రిమాండులో ఉన్నవాడు ఇంకా నిందితుడే. నేరం రుజువై, కోర్టు దోషి అని తేల్చాకే శిక్ష మాట రావాలి. అవి రెండూ ఒకే రోజు జరగాలనీ లేదు. సెషన్స్ కోర్టు దోషిగా తేల్చాక, శిక్ష ఎంతన్నదాని మీద ముద్దాయి చెప్పేదీ వింటుంది. దానికి ఇంకో రోజుకు వాయిదా పడిందంటే ఆ రోజు వార్త 'దోషి' దగ్గరే ఆగాలి. 'ఉరి ఖాయం' లాంటి జోస్యాలు వద్దు.

ఇంట్లో మనం ఈ మాటను ఎంత ధారాళంగా వాడతాం! మే నెలలో కరెంటు పోతే శిక్ష, పెళ్ళిలో మైకు పక్కన కుర్చీ దొరికితే శిక్ష, మీ మామయ్య పాట అందుకుంటే మరీ శిక్ష. నేరమూ లేదు, జడ్జీ లేడు. కబుర్లకు ఆ వాడుక హాయిగానే ఉంటుంది. అదే అలవాటుతో కోర్టు మెట్లెక్కకూడదు.

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే. ఆరు వేదాంగాల్లో ఒకటైన శిక్ష ఉచ్చారణ నేర్పే శాస్త్రం. హిందీవాళ్ళకు ఇప్పటికీ అది చదువే. ఆ లెక్కన వచ్చిన 'సమగ్ర శిక్ష' అనే కేంద్ర పథకం పేరును తెలుగు బడిపిల్లాడు ఎలా అర్థం చేసుకుంటాడో ఊహించు. మనం చదువుకు 'శిక్షణ' ఉంచుకుని, దెబ్బకు 'శిక్ష' వాడుకున్నాం. అయినా 'దుష్టశిక్షణ' అనగానే ఆ శిక్షణ కూడా బెత్తం పట్టుకుంటుంది. ఇదంతా సరదాకు రాశాను కానీ ఒకచోట పనికొస్తుంది. 'శిక్షితుడు' అని ఎప్పుడూ రాయకు. తర్ఫీదు పొందినవాడో, ఖైదు అనుభవిస్తున్నవాడో తేలదు. 'శిక్ష పడిన ఖైదీ' చాలు.

ఆ 'పడటం' సంగతీ చూడు. కోర్టు శిక్ష విధిస్తుంది, జనం నోట 'వేస్తుంది', ముద్దాయికి 'పడుతుంది'. పడింది అన్నాక, పిడుగు పడ్డట్టు, వేసినవాళ్ళెవరో వాక్యంలో కనబడరు. తెలుగు తీరే అది, తప్పేం లేదు. ఏ కోర్టు, ఏ సెక్షన్ కింద అన్నవి మాత్రం మొదటి పేరాలోనే చెప్పు.

అందరూ కాలు జారేది యావజ్జీవం దగ్గర. యావజ్జీవమంటే 14 ఏళ్ళనేది రచ్చబండ లెక్క. బతికినంత కాలమూ అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. మరి ఆ 14 ఎక్కడిది? మరణశిక్ష వేయడానికి వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలాలన్నా కనీసం 14 ఏళ్ళు లోపల ఉండి తీరాలని చట్టంలో ఉంది. అది అడగడానికి అర్హత, విడుదల తేదీ కాదు. 'మరో 14 ఏళ్ళలో బయటికి' అని రాసినవాళ్ళను చాలామందిని చూశాను.

ఒకే కేసులో ఏడేళ్ళు ఒకటి, మూడేళ్ళు ఒకటి పడితే కూడికలు చెయ్యకు. 'ఏకకాలంలో అమలు' అని ఉంటే మొత్తం ఏడే. తీర్పు చివరి పేజీ చూడందే అంకె రాయొద్దు.

2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పేరులో శిక్ష పోయిందే గానీ లోపల శిక్షల జాబితాలో ఒకటి పెరిగింది, సమాజ సేవ. 5 వేల రూపాయల లోపు సొత్తు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలి, ఆ సొత్తు తిరిగి ఇచ్చినవాడికి అదే వేస్తారు. తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికీ వేయొచ్చు. అలాంటి వార్తకు 'జైలు తప్పింది' అని పెట్టొచ్చు. 'శిక్ష తప్పింది' అని పెట్టకూడదు, వేసింది శిక్షే కదా! ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి శిక్షాస్మృతి పుస్తకం పారెయ్యకు.

ఇంకొక్కటి. అప్పీలు వేశాక హైకోర్టు శిక్ష అమలును ఆపి బెయిలిస్తే అది నిలిపివేత. కేసు కొట్టేస్తేనే రద్దు. మొదటిదానికి రెండోది రాస్తే, దోషిగానే ఉన్న మనిషిని నువ్వు విడుదల చేసినట్టు. ఫోనులో ఎవరైనా 'కొట్టేశారండీ' అని చెబితే, ఉత్తర్వు కాపీ అడుగు.

ఇట్లు,
మీ అత్త